సూర్యభక్షి ఎక్కువా, శూన్యపతి ఎక్కువా

రోజు 6,402. మొదటి షిఫ్టు.

మస్టర్‌కు ఇరవై రెండు మంది రావాలి, ఇరవై ఒక్కరు వచ్చారు. రానివాడికి పంటినొప్పి. కోత యంత్రానికి రెండు పళ్లు మార్చాం. యంత్రం పని అరగంటలో అయిపోయింది, మనిషి పన్ను సంగతి డాక్టరమ్మ రేపు చూస్తానంది. నలభై టన్నుల మంచు తీశాం. క్యాంటీన్‌లో ఉప్మా. అందులో ఉప్పు లేదు.

ఈ డైరీలో గని విషయాలు తప్ప మరేమీ రాయకూడదని నిబంధన ఉంది. పదిహేడేళ్లుగా రాస్తున్నాను, ఇంతవరకు ఒక్కడు చదివిన పాపాన పోలేదు. అందుకని నాకు తోచింది రాస్తాను. నా పేరు ఓదెలు. కలిస్టో రెండో నంబరు గనిలో కింది వరస సర్దార్‌ని. కలిస్టో అంటే గురుగ్రహం చుట్టూ తిరిగే ఒక చందమామ, పైనుంచి కిందిదాకా మంచే. మా తాత ఇల్లందులో బొగ్గు తవ్వాడు, నేను ఇక్కడ మంచు తవ్వుతున్నాను. ఆయనకు దగ్గు వచ్చేది, నాకు జలుబు వస్తుంది.

గనిలో ఇళ్లు రెండు వరసలు. పై వరసవాళ్లు గాలి సంగతి చూస్తారు, కింది వరసవాళ్లం వేడి సంగతి చూస్తాం. మధ్యలో మూడు వందల మీటర్ల వాలు సొరంగం. పై వరస సర్దార్ రాజలింగు. నా కూతురు స్వరూపను వాళ్ల అబ్బాయికే ఇచ్చాను. పెళ్లికి ముందు నేనూ రాజలింగూ ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్లం. వియ్యంకులమయ్యాక బావా అంటున్నాం. తిట్లలో మాత్రం మార్పు లేదు.

ఎనిమిది రోజుల కిందట స్వరూపకు ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. కిలో మూడు వందల గ్రాములు. పై వరస ఆసుపత్రిలో వెచ్చటి అద్దాల పెట్టెలో పెట్టారు. ఉన్నది ఆ ఒక్క ఆసుపత్రే, ఆ ఒక్క పెట్టే.

చిన్న విషయాలు రెండు. పై వరసలో గాలి కొలిచే ముల్లు కాస్త కిందికి దిగింది. గాలి పోకుండా అతుకుల్లో పెట్టే ప్యాకింగ్ పాతదైందని రాజలింగు రాశాడు. మా వేడి ప్లాంటు గదిలో నేల రెండు వేళ్ల లోతు కుంగింది. నేల పాతదైందని నేను రాశాను. రెండింటినీ ఇనుపనాలుక మెట్టులో వేశాం.

రోజు 6,403. మొదటి షిఫ్టు.

పంటినొప్పివాడు వచ్చాడు, పన్ను లేకుండా. ముప్పై ఎనిమిది టన్నులు.

మెట్ల సంగతి రాయాలి, కొత్తగా వచ్చినవాళ్లకు అర్థం కాదు. ప్రమాదాలకు కంపెనీ పది స్థాయిలు పెట్టి పంపింది. పేర్లన్నీ అంకెలూ అక్షరాలూ, ఏది పెద్దదో ఏది చిన్నదో ఒక్కరికీ గుర్తుండేది కాదు. ఒకసారి నీళ్ల పైపు కారుతోందని గంట మోగితే, నూట అరవై మందిమి గాలి తొడుగులు వేసుకుని రెండు గంటలు కూర్చున్నాం. ఆ తర్వాత ఆ పేర్లు తీసేసి, అందరికీ కంఠతా వచ్చిన పేర్లు పెట్టుకున్నాం. అవి 'వ్యోమసింహాలు' బొమ్మల పుస్తకాల్లోని విలన్ల పేర్లు.

ఆ పుస్తకాలు మొదటి ఓడలో వంటమనిషి పెట్టెలో వచ్చాయి. ముప్పై ఆరు సంచికలు. ఈ చందమామ మీద కాగితం మీద అచ్చయిన పుస్తకాలు అవే. ఇప్పుడు క్యాంటీన్‌లో అద్దాల బీరువాలో ఉన్నాయి. మా పిల్లలు అక్షరాలు దిద్దింది వాటిలోనే. కుళాయి కారితే చిల్లర మాయగాడు గిరగిర, అది ఒకటో మెట్టు. లిఫ్టు ఆగితే ఇనుపనాలుక, మూడో మెట్టు. ఇలా పది.

ఏ విలన్‌ది ఏ మెట్టో తేల్చడానికి ఇద్దరు సభ్యులతో కమిటీ వేశారు. నేను, రాజలింగు. మధ్యాహ్నం కూర్చుంటే టీ వేళకు ఎనిమిది మెట్లు పూర్తయ్యాయి. మిగిలింది ఇద్దరు. సూర్యభక్షి, శూన్యపతి. ముందు చేతులు కాలర్ల దాకా వచ్చాయి, తర్వాత ఇలా రాసి ఇద్దరం సంతకం పెట్టాం: 'తొమ్మిది, పది మెట్లు సూర్యభక్షి, శూన్యపతులవి. వీరిలో ఎవరు ఎక్కువన్నది త్వరలో తేల్చబడును.' ఫైలు నంబరు పదకొండు. పదహారేళ్లయింది.

రోజు 6,404. మొదటి షిఫ్టు.

నలభై ఒక్క టన్నులు. క్యాంటీన్‌లో రాజలింగుతో మళ్లీ గొడవ. ఎవరి వాదన ఏమిటో ఈ డైరీలో ఎక్కడా రాయలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. నేను పక్షపాతం లేకుండా రాస్తాను.

సూర్యభక్షి గొప్పవాడు. పద్నాలుగో సంచికలో ఒకే పూట ఏడు సూర్యుళ్లను మింగి, తోకచుక్క తోకతో మూతి తుడుచుకున్నాడు. ఇక రాజలింగు పట్టుకు వేలాడే శూన్యపతి సంగతి. వాడు పిడికిలి మూస్తే అందులో ఉన్నది ఇక లేనట్టే. లేకపోవడమే కాదు, అసలు ఎప్పుడూ ఉండనట్టే, ఎవరికీ గుర్తుండదు. ఇరవై రెండో సంచికలో ఒక నక్షత్ర మండలాన్ని అలాగే మూసేశాడు. బాగానే ఉంది. మరి అంతటివాడు ముప్పయ్యో సంచికలో వీరుల ఓడకు వచ్చి తలుపెందుకు కొట్టాడని నా ప్రశ్న. అది మర్యాద అంటాడు రాజలింగు. పంతొమ్మిదో సంచికలో చల్లారిన నక్షత్రం తిని సూర్యభక్షి రెండు సంచికలపాటు కడుపునొప్పితో మూలిగిన మాటేమిటని ఎదురడుగుతాడు. అది విశ్రాంతి అంటాను నేను.

ముప్పై ఆరో సంచిక చివరి బొమ్మలో ఇద్దరూ ఎదురెదురుగా చేతులెత్తి నిలబడ్డారు. ఎవరు గెలిచారో వచ్చే సంచికలో అని ఉంది. ఆ సంచిక వంటమనిషి పెట్టెలో లేదు. భూమికి రాసి కనుక్కుంటే ఆ అచ్చాఫీసు ఎప్పుడో మూతపడిందన్నారు. ముప్పై ఏడో సంచికను శూన్యపతి తన పిడికిట్లో మూసేశాడనీ, వాడి బలానికి అంతకంటే రుజువు అక్కర్లేదనీ రాజలింగు వాదన. దీనికి పదిహేడేళ్లుగా నా దగ్గర జవాబు లేదు. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

కింది వరసంతా సూర్యభక్షి, పై వరసంతా శూన్యపతి. ఏటా గని పుట్టినరోజున చేతులెత్తి ఓట్లు వేస్తాం. ఏటా సమానమే. ఒక పక్క ఎవరైనా పోతే, రెండో పక్క ఒకరు ఆ ఏడాది నుంచి ఓటు మానుకుంటారు. చావువల్ల గెలిచామన్న పేరు ఎవరికీ వద్దు. పెళ్లయితే పిల్ల మెట్టింటి విలన్‌కు మారుతుంది, బదులుగా ఆ ఇంటి నుంచి ఒకరు పుట్టింటివైపు రావాలి. స్వరూప అటు వెళ్లినందుకు రాజలింగు తమ్ముడు కనకయ్య మా వైపు వచ్చాడు. మూడేళ్లయినా మాతో కూర్చుని ముఖం ముడుచుకునే తింటాడు. పోయిన ఏడాది లెక్క అరవై ఒకటి, అరవై ఒకటి.

రోజు 6,405. మొదటి షిఫ్టు, రెండో గంట.

పని ఆపేశాం. గుమాస్తా నుంచి నోటీసు వచ్చింది. గుమాస్తా అంటే గనిని నడిపే యంత్రం బుర్ర. నోటీసు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

'పై వరసలో గాలి నష్టం, శూన్యపతి మెట్టు. కింది వరసలో ప్లాంటు వేడికి నేల కరుగుట, సూర్యభక్షి మెట్టు. ముప్పై గంటల తరువాత రెండు చోట్లా మరమ్మతు సాధ్యం కాదు. పనిచేయు మరమ్మతు చీమ ఒకటే ఉన్నది. ఒక్కొక్క పనికి ఇరవై గంటలు పట్టును. నిబంధన ప్రకారం చీమను పై మెట్టు ప్రమాదమునకు పంపవలెను. ఏది పై మెట్టో ఫైలు 11లో పెండింగులో ఉన్నది. పది గంటలలోగా తేల్చగలరు. ఓటు సమానమైనచో చీమ కదలదు. తిరిగి ఓటింగు నాలుగు గంటల తరువాత మాత్రమే.'

అంటే ఒక వరసే దక్కుతుంది. రెండో వరస ఖాళీ చేసి అందరూ దక్కినదాంట్లో సర్దుకోవాలి. ఏదీ తేలకపోతే రెండూ పోతాయి, వాటితో పాటు మేమూ.

చీమ అంటే మరమ్మతులు చేసే యంత్రం. దాన్ని చేత్తో నడపొచ్చు కదా అని కుర్రవాళ్లు అడిగారు. నడపలేం. మూడో ఏట ఎవరో దాన్ని తోలుకుపోయి తన ఇంటి స్నానాలగది బాగుచేయించుకున్నాడు. ఆ గొడవ మళ్లీ రాకూడదని తాళం చెవి బోరుబావిలో పడేశాం. తీర్మానం రాసింది నేనే. చదివి చూశాను, భాష కూడా చక్కగా ఉంది.

భూమికి కబురు పంపాం. మెట్ల పేర్లు స్థానిక విషయం, మీలో మీరే తేల్చుకోండి అని గంటన్నరకు జవాబొచ్చింది. తప్పు నాది, రాజలింగుది. పదహారేళ్ల కిందట ఇంకొక్క గంట కూర్చుంటే అయిపోయేది.

అదే రోజు, నాలుగో గంట.

మొదటి ఓటు ఆరో గంటకు పెట్టారు. మా వరసవాళ్లంతా నా చుట్టూ చేరారు. ఎప్పటిలాగే గట్టిగా నిలబడాలన్నారు, ఇళ్లు పోతాయన్నారు. నిజమే, పోతాయి. మా గోడలకు సరోజన తన చేత్తో వేసిన ముగ్గులున్నాయి. సరోజన నా భార్య. ఇల్లు పోతే మేం వెళ్లి వియ్యంకుడి ఇంట్లో తలదాచుకోవాలి. కూతురి అత్తారింట్లో చేయి కడుక్కుని కూర్చోవడం నా వల్ల కాదని ఆమెతో అన్నాను. ఆమె నా వంక చూసి, పసిదాన్ని చూసి రమ్మంది.

పైకి వెళ్లాను. పెట్టెలో నా మనవరాలు నా అరచేయంత ఉంది. ముక్కులో గొట్టం. కళ్లు తెరవలేదు. పెట్టెకు గోడలోంచి కరెంటూ గాలీ వస్తాయి. నాలుగు నిమిషాలకు మించి ఆ తీగ తీయడానికి వీల్లేదని, కదిలిస్తే తన పూచీ లేదని డాక్టరమ్మ చెప్పింది. పై వరస పోతే పెట్టె పోయినట్టే. స్వరూప నన్ను ఓటు గురించి అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"బాపూ, చెయ్యి లోపల వెట్టు. డాక్టరమ్మ వెట్టచ్చన్నది," అంది.

పక్కనున్న రంధ్రంలోంచి వేలు పెట్టాను. పిల్ల పట్టుకుంది. పట్టుకోవడం కాదు, ఆ వయసు పిల్లలకు అది అలవాటేనని డాక్టరమ్మ వివరించింది. ఆమెకు చదువెక్కువ. నేను వేలు తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

నా ఓటు శూన్యపతికి వేస్తాను. ఒక్క ఓటు ఇటునుంచి అటు పోతే చాలు, అరవై రెండు, అరవై. చీమ పైకి వెళుతుంది. మా వరసవాళ్లు నా ముఖం చూడరు. చూడకపోతే పోనీ.

అదే రోజు, ఆరో గంట.

ఓట్లయ్యాయి. అరవై ఒకటి, అరవై ఒకటి.

నాకు అర్థం కాలేదు. పేర్లు గోడమీది తెరపై వచ్చాయి. శూన్యపతి కింద నా పేరు చూసి మా వరసంతా నావైపు తిరిగింది. అంతలో పై వరసంతా రాజలింగు వైపు తిరిగింది. వాడి పేరు సూర్యభక్షి కింద ఉంది.

నాకు ఒళ్లు మండింది. నా మనవరాలు అక్కడ పెట్టెలో ఉంటే, వీడికీ అది మనవరాలే, తన సొంత విలన్‌ను కాదని చీమను కిందికి పంపబోయాడు. పిచ్చి పట్టిందా అని అడిగాను. నీకే పట్టిందన్నాడు. సూర్యభక్షి ఏడు సూర్యుళ్లు మింగినవాడు, వాడికి సాటి ఎవరని నాకే చెప్పాడు. కడుపునొప్పి మరిచిపోయావా అన్నాను. అది విశ్రాంతి అన్నాడు. నక్షత్ర మండలాన్ని పిడికిట్లో మూసినవాడి కంటే తిండిపోతు ఎక్కువా అని నేను, తలుపు కొట్టినవాడు ఎక్కువా అని వాడు. అది మర్యాద అని అరిచాను. పదిహేడేళ్లలో నేనన్న మాటలన్నీ వాడి నోట, వాడన్నవన్నీ నా నోట వస్తున్నాయి. క్యాంటీన్‌లో నూట ఇరవై మంది గిన్నెలు పట్టుకుని చూస్తున్నారు. కనకయ్య ఒక్కడు నోరు తెరిచి, ఇప్పుడు తను ఏ వైపో చెప్పమని అడిగాడు.

చివరికి నేను పసిదాని మాట ఎత్తాను. తీగ తీస్తే పెట్టె నాలుగు నిమిషాలకు మించి ఆగదని తెలిసీ ఇలా చేశావని అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను, అది రాయను.

రాజలింగు కూర్చుండిపోయాడు. మెల్లగా మాట్లాడాడు, అందరికీ వినబడింది.

"గా పర్రె మూసుకోదు బావా. ఆరేండ్ల సంది నేనే అతుకులేస్తున్న. ప్యాకింగ్ అని రాసుకుంట వస్తున్న. పగిలింది ప్యాకింగ్ గాదు, లోపటి మంచే పగిలింది. చీమ గాదు, చీమను జేసినోడొచ్చినా మూయలేడు. పైవరుస పొయ్యింది. కిందిదన్న కాపాడుకుందాం."

ముందే ఎందుకు చెప్పలేదని ఎవరో వెనకనుంచి అడిగారు. తన వరసవాళ్లకు ముఖం చూపించలేకపోయానని చెప్పాడు. మీ ఇళ్లు ఆరేళ్లుగా అతుకుల మీద నిలబెట్టానని చెప్పడానికి నోరు పెగల్లేదట. నిశ్శబ్దంగా ఒక్క ఓటు మార్చేస్తే పని జరిగిపోతుందని, ఓడిపోయానని అందరూ నవ్వుకుంటారు తప్ప ఇంకేమీ అడగరని అనుకున్నాడట. ఆ తర్వాత నావైపు చూశాడు.

"పదిహేడేండ్లల్ల ఒక్కనాడన్న మాట మార్చినవా నువ్వు? నిన్ను నమ్ముకొని ఓటేసిన. ఇయ్యాల్నే మార్చాల్నా?"

పిల్ల సంగతేమిటని మాత్రం అడిగాను. వాడు లేచి నన్ను క్యాంటీన్ వెనక్కి తీసుకెళ్లాడు. సాంబారు మోసే ట్రాలీ అక్కడ ఉంది. దాని కింద నాలుగు కుర్చీల స్ప్రింగులు బిగించి ఉన్నాయి. కింది అరలో హెల్మెట్ దీపాల బ్యాటరీలు పదహారు, గాలి సీసాలు రెండు. పై అర సరిగ్గా పెట్టె కొలతకు కోసి ఉంది. నోటీసు వచ్చినప్పటి నుంచి వాడు అదే పని మీద ఉన్నాడు. డాక్టరమ్మను పిలిచి చూపించాం. ఆమె తీగలన్నీ లాగి చూసి, గంటసేపు నిలుస్తుంది, గంటంటే గంటే అంది.

అదే రోజు, పదో గంట.

రెండో ఓటు. సూర్యభక్షి అరవై రెండు, శూన్యపతి అరవై. నా ఓటు సూర్యభక్షికి. రాజలింగు ఓటు సూర్యభక్షికి. చీమ కొక్కెం మీదినుంచి దిగి మా ప్లాంటు గదికి వెళ్లింది. ఫైలు పదకొండు మూసివేయబడినదని గుమాస్తా ప్రకటించింది.

పదిహేడేళ్ల తర్వాత గెలిచాను. ఒక్కడు చప్పట్లు కొట్టలేదు. నాకూ కొట్టాలనిపించలేదు.

అదే రోజు, రెండో షిఫ్టు.

పెట్టెను దించాం. గోడ తీగ తీసి ట్రాలీ తీగ పెట్టడానికి మూడు నిమిషాల పది సెకన్లు పట్టింది. ముందు రాజలింగు నేల చూసుకుంటూ వెనక్కి నడిచాడు. నేనూ అల్లుడూ చెరో పక్క. డాక్టరమ్మ పెట్టె మీదినుంచి చూపు తిప్పలేదు. స్వరూప వెనక వచ్చింది, ఆమె చేయి సరోజన పట్టుకుంది. వాలు సొరంగం మూడు వందల మీటర్లు. పై వరసవాళ్లంతా మూటలతో గోడకు ఆనుకుని దారి ఇచ్చారు. వాళ్లు ఖాళీ చేస్తున్నది పదిహేడేళ్లుగా ఉన్న ఇళ్లు. ఒక్కరూ రాజలింగును ఏమీ అనలేదు. అంటే బాగుండేది, వాడు తల దించుకునే నడిచాడు.

రెండు వందల మీటర్ల దగ్గర పెట్టెలో గంట మోగింది. వేడి తగ్గుతోంది. పదహారు బ్యాటరీల్లో రెండు చచ్చాయి. నా హెల్మెట్‌ది ఒకటి, అల్లుడిది ఒకటి పీకి పెట్టాం. రాజలింగు తీగ చుట్టబోతే రెండుసార్లు జారిపోయింది. నేను చుట్టాను. గంట ఆగింది. ఆ చీకట్లో నాకు ఏడుపొచ్చింది. గని విషయం కాదు, అయినా రాస్తున్నాను.

మొత్తం యాభై రెండు నిమిషాలు. మా ఇంటి ముందుగదిలో గోడ కరెంటుకు పెట్టె తగిలించాం. పిల్ల అంతసేపూ నిద్రపోయింది.

రోజు 6,406. రెండో షిఫ్టు.

చీమ పని పూర్తయింది. నేల గట్టిపడింది. పై వరస తలుపులు మూసి సీలు వేశాం. సీలు మీద రాజలింగు సంతకం చేసి, సర్దార్ పదవికి రాజీనామా రాసి గుమాస్తాకిచ్చాడు. ప్యాకింగ్ అని ఆరేళ్లు తప్పు రాసినందుకు అని కారణం చూపాడు. నేల పాతదైందని నేను కూడా తప్పే రాశాను. నా రాజీనామా కూడా ఇచ్చాను. ఇద్దరు సర్దార్లూ లేకపోతే మస్టర్ తీయడానికి మనిషి ఉండడు కాబట్టి రెండూ చెల్లవని గుమాస్తా తిప్పి పంపింది.

రోజు 6,416. మొదటి షిఫ్టు.

ఇరవై తొమ్మిది టన్నులు. ఇళ్లలో కాలు పెట్టడానికి చోటు లేదు. మా రెండు గదుల్లో మేమిద్దరం, కూతురు, అల్లుడు, పసిది, రాజలింగు, వాడి భార్య, ముఖం ముడుచుకుని కనకయ్య. పిల్ల కిలో ఆరు వందలు.

కోడలి పుట్టింట్లో ఉండాల్సి వచ్చిందని రాజలింగు ఏమీ అనడం లేదు. ఏం పెడితే అది తింటున్నాడు. బాగుందంటున్నాడు. ఉప్మాలో ఉప్పు లేకపోయినా బాగుందంటున్నాడు. క్యాంటీన్‌లో ఎవరో కావాలని శూన్యపతి మాట ఎత్తితే, సూర్యభక్షే ఎక్కువ, తేలిపోయింది కదా అని లేచి వెళ్లాడు. బీరువాలోంచి పుస్తకాలు ఎవరూ తీయడం లేదు. తినేటప్పుడు గిన్నెల చప్పుడే వినిపిస్తోంది. వాణ్ని రెచ్చగొట్టాలని శూన్యపతి తలుపు కొట్టిన సంగతి మూడుసార్లు ఎత్తాను. అవును, బలహీనుడే అన్నాడు. నాకు భయమేసింది.

పిల్ల పేరు రిజిస్టరులో రాయించాలి. ఇంటి విలన్ అన్న గడి ఉంటుంది. స్వరూప పెన్ను పట్టుకుని మామ వైపు చూసింది. ఏదైనా రాసుకోమని వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ గడి ఖాళీగా వదిలేసింది.

రోజు 6,417. మొదటి షిఫ్టు.

ముప్పై ఒక్క టన్నులు. షిఫ్టు అయ్యాక గుమాస్తాకు అర్జీ పెట్టాను. నకలు ఇది.

'ఫైలు 11 తిరిగి తెరవవలెనని కోరుచున్నాను. ఒకటి. ఇకమీదట చీమను ఎక్కడికి పంపవలెననునది, ఏది బాగుపడునో చూచి ఇద్దరు సర్దార్లు కలిసి చెప్పవలెను. దానికీ విలన్లకూ సంబంధము ఉండరాదు. రెండు. అరవై రెండు, అరవై అను ఓటు గాలి పోవుచుండగా జరిగినది, కనుక చెల్లదు. మూడు. ఇరవై రెండో సంచిక తొమ్మిదో పేజీలో శూన్యపతి నక్షత్ర మండలమును ఎడమ చేతితో మూసెను. అతడు కుడిచేతి వాటము గలవాడు. కావున అతని పూర్తి బలము ఇంతవరకు ఎవ్వరూ చూడలేదు. ఇది పరిశీలించవలెను. ఇట్లు, సూర్యభక్షి పక్షం, ఓదెలు.'

మొదటి అంశం ఆమోదించబడినది, మిగతావి పెండింగులో ఉన్నవి అని గుమాస్తా జవాబిచ్చింది. అర్జీని క్యాంటీన్ గోడకు అంటించాను. నిబంధన అదే, అందరూ చదవాలి.

రోజు 6,418. మొదటి షిఫ్టు.

మస్టర్‌కు అందరూ వచ్చారు. ముప్పై నాలుగు టన్నులు. క్యాంటీన్‌లో ఉప్మా.

రాజలింగు పళ్లెం పట్టుకుని గోడ దగ్గర ఆగాడు. అర్జీ చదివాడు. మళ్లీ చదివాడు. పళ్లెం బల్ల మీద పెట్టి బీరువా తీశాడు, పుస్తకాల రిజిస్టరులో సంతకం చేశాడు, ఇరవై రెండో సంచిక తీసుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. పేజీలు తిప్పి, ఒక బొమ్మ మీద వేలు పెట్టి, పుస్తకం నావైపు తోశాడు.

"తొమ్మిదో పేజీ అని రాసినవ్. గది పదకొండో పేజీ బావా. సరిగ్గ సదువుకోకుంట వాదానికెందుకొస్తవ్?"

తొమ్మిదే అన్నాను. వాడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఉప్మాలో ఉప్పు లేదని కూడా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తమ పళ్లేలు తెచ్చుకుని మా బల్ల దగ్గరికి జరిగారు.

అది పదకొండో పేజీ అని నాకు తెలుసు.